‘అమ్మా, నువ్వు హెలికాప్టర్!’ అంది మా అమ్మాయి

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది నరసరావుపేట. మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడాది చదువుతోంది. రోజూ పొద్దున ఆరింటికి నేనే ఫోన్ చేసి లేపుతాను. టిఫిన్ తిన్నదా, బస్సెక్కిందా అని ఫోన్లో లొకేషన్ చూసుకుంటూ ఉంటాను. మొన్న మిడ్ పరీక్షల్లో మార్కులు తగ్గాయని వాళ్ల లెక్చరర్‌కి ఫోన్ చేసి మాట్లాడాను. ఆ సంగతి తెలిసి అమ్మాయి ఏడ్చేసింది. ‘అమ్మా, నువ్వు హెలికాప్టర్ పేరెంట్‌వి’ అని ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంట్లో ఉన్న పాత డిక్షనరీలో చూస్తే హెలికాప్టర్ అంటే ఒక రకం విమానం అని తప్ప ఇంకేం లేదు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయేమో ‘హెలి అంటే సూర్యుడమ్మా, హీలియం లాగా’ అంటున్నాడు. అసలు ఆ మాటకి అర్థమేంటి? అది తిట్టా? ఇంకో చిన్న సందేహం. మావాడు తెలుగు వ్యాసంలో ‘హెలికాఫ్టర్’ అని రాస్తే టీచర్ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. ఏది ఒప్పు?
— ఒక అమ్మ, నరసరావుపేట

జవాబు: అమ్మా, అది తిట్టు కాదు. ఈ ఒక్క ముక్కా ముందే చెప్పేస్తే మీ మనసు కాస్త కుదుటపడుతుంది. అలాగని నోరుజారి అన్న మాటా కాదు. ఆ వయసు పిల్ల ఏడుస్తూ ఒక మాట అందంటే, అది చాలా రోజులుగా లోపల తిరుగుతున్నదే అయి ఉంటుంది. అందుకే ఆ మాటను ఒకసారి విప్పి చూద్దాం. మీ అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. సగం జవాబు వాడికోసమే.

వాడి స్పెల్లింగ్ విషయంలో టీచర్‌దే ఒప్పు. ‘హెలికాప్టర్’ అనే రాయాలి, ‘ప’కు ‘ట’ వత్తు. ‘ఫ్ట’ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆటబొమ్మల అట్టపెట్టెల మీద కూడా చూశాను. ఆఫ్టర్, లిఫ్టు, గిఫ్టు అని రోజూ అంటుంటాం కదా, నాలుక ఆ దారికి అలవాటు పడిపోయింది. చివర ఉకారం పెట్టి ‘హెలికాప్టరు’ అన్నా తప్పు లేదు, మన పెద్దవాళ్లు అలాగే రాసేవారు. మా నాయనమ్మ ‘ఎలికాప్టరు’ అనేది, మాట్లాడేటప్పుడు అదీ చెల్లిపోతుంది. కానీ ‘ప’ను ‘ఫ’ చేశామంటే మాత్రం ఆ మాటకున్న రెక్క ఊడిపోతుంది. నిజంగానే రెక్క.

ఈ మాటను పుట్టించింది ఒక ఫ్రెంచాయన. పేరు గుస్తావ్ ద పోంతో దామెకూర్. తిరిగే రెక్కలతో నిట్టనిలువుగా పైకి లేచే యంత్రాన్ని ఊహించి, 1861లో దానికి ఈ పేరు పెట్టాడు. రెండు గ్రీకు మాటలు కలిపాడు. ఒకటి ‘హెలిక్స్’, అంటే మెలి, సుడి. రెండోది ‘ప్టెరాన్’, అంటే రెక్క. మెలి తిరిగే రెక్క అన్నమాట. ఆవిరితో నడిచే చిన్న నమూనా కూడా చేయించాడు గానీ అది నేల విడిచి లేవనే లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అలా జరిగింది. పేరు పెట్టాక దాదాపు ఎనభై ఏళ్లకు, 1939 సెప్టెంబర్ 14న, అమెరికాలో ఇగోర్ సికోర్స్కీ తన యంత్రాన్ని తాళ్లతో నేలకు కట్టి ఉంచి కాస్త పైకి లేపాడు. ఈలోగా ఇంకొందరు దేశదేశాల్లో ప్రయత్నించారు, కొందరు ఎగిరారు కూడా. ఇవాళ మనం చూసే హెలికాప్టర్, అంటే నెత్తిన ఒక పెద్ద పంకా, తోక దగ్గర ఒక చిన్న పంకా ఉండే రూపం, స్థిరపడింది మాత్రం సికోర్స్కీ చేతిలోనే.

కాబట్టి ఆ మాటను ‘హెలికో’, ‘ప్టర్’ అని విరవాలి. మనం ‘హెలి’, ‘కాప్టర్’ అని విరుస్తాం. ఇంగ్లిష్‌వాళ్లూ అంతే. ఆ విరుపులోంచే ఒకవైపు హెలిప్యాడ్, ఇంకోవైపు క్వాడ్‌కాప్టర్ (నాలుగు పంకాల డ్రోన్) పుట్టుకొచ్చాయి. హాంబర్గ్ ఊరి పేరుతో వచ్చిన ‘హాంబర్గర్’ను తప్పుగా విరిచి ‘బర్గర్’ను తయారుచేసుకున్నట్టే ఇదీ. వాడుకలో నిలిచాక అవన్నీ మంచి మాటలే. మూలం మాత్రం తెలిసి ఉండాలి. మీవాడికి డైనోసార్ల పుస్తకాలు ఇష్టమైతే అందులో టెరోడాక్టిల్ బొమ్మ చూసే ఉంటాడు. ఇంగ్లిష్‌లో దాని స్పెల్లింగ్ ‘పి’తో ఎందుకు మొదలవుతుందో ఇప్పుడు వాడికి అర్థమవుతుంది. అక్కడా అదే ప్టెరాన్, అదే రెక్క.

ఆ ప్టెరాన్‌కు మన ఇంట్లో కూడా చుట్టాలున్నారు. సంస్కృతంలో ‘పత్’ అంటే ఎగరడం, పడటం. పత్రం అంటే ఆకు అనే కాదు, రెక్క అనీ అర్థం ఉంది. ‘పతత్రి’ అంటే పక్షి. గ్రీకు ప్టెరాన్, సంస్కృత పత్రం ఒకే పాత వేరులోంచి వచ్చిన మాటలని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఉగాదికి మామిడాకులు కట్టే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఆకుకూ హెలికాప్టర్‌కూ ఉన్న ఈ బంధుత్వం చెప్పండి, వాడు జన్మలో మర్చిపోడు. ‘హెలి’ అర్థానికి నేను బళ్లో ఒక చిట్కా చెప్పేదాన్ని: హెలి అంటే మెలి. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు, గుర్తుండటానికే ఈ జత.

ఇక వాడి సూర్యుడి సంగతి. హీలియం అనే వాయువు పేరు వచ్చింది ‘హీలియోస్’ నుంచి. అది వేరే గ్రీకు మాట, దానికి సూర్యుడనే అర్థం. పైకి ఒకేలా వినబడే రెండు మాటల్ని వాడు కలిపేశాడు, అంతే. కానీ ఆ పొరపాటు చాలా మంచిచోటికి తీసుకెళుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త వచ్చి, సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూసింది మీ గుంటూరులోనే. సూర్యకాంతిలో ఒక కొత్త పసుపు గీత ఆ ఏడాదే శాస్త్రవేత్తల కంటబడింది. ఆ గీతకు కారణమైన కొత్త పదార్థానికి సూర్యుడి పేరు మీదే హీలియం అని పేరు పెట్టారు. మీకు గంట ప్రయాణం దూరంలో జరిగిన చరిత్ర ఇది. వీలైతే ఒక ఆదివారం ఈ కథ చెప్పి వాడిని అక్కడికి తీసుకెళ్లండి.

వ్యాసంలో వాడికి పనికొచ్చే మాట ఇంకొకటి. ‘మంత్రిగారు హెలికాప్టర్ ద్వారా వచ్చారు’ అని రాయొద్దని చెప్పండి. ‘హెలికాప్టర్‌లో వచ్చారు’ అంటే చాలు, మనం బస్సు ద్వారా రాం కదా. వరద ప్రాంతాన్ని పైనుంచి చూసి రావడానికి పత్రికలవాళ్లకు ‘విహంగ వీక్షణం’ అనే చక్కని మాట ఉంది, దాన్ని వాడుకోమనండి.

ఇప్పుడు అమ్మాయి దగ్గరికి వద్దాం. విమానానికీ హెలికాప్టర్‌కీ అసలు తేడా ఎక్కడుందంటే, విమానం రెక్కలు కదలవు, అందుకని విమానమే పరుగెత్తాలి. ఆగితే పడిపోతుంది. హెలికాప్టర్‌కు రెక్కలే తిరుగుతాయి కాబట్టి అది పరుగెత్తక్కర్లేదు. మీ ఇంట్లో ఫ్యాను ఆపి చూడండి, ఒక్కో రెక్కా కాస్త ఏటవాలుగా ఉంటుంది. అలా ఉంటేనే గాలిని కిందికి తోస్తుంది. హెలికాప్టర్ రెక్క గాలిని అంత బలంగా తోస్తుంది కాబట్టే అది పైకి లేస్తుంది, ఒక్కచోట గాల్లో నిలబడగలుగుతుంది. చెరువు మీద నలుపు తెలుపు లకుముకి పిట్టను చూశారా? రెక్కలు టపటపలాడిస్తూ నీళ్లపైన ఒకేచోట నిలిచి, కింద చేప ఎటు కదులుతోందో కళ్లార్పకుండా చూస్తుంది. హెలికాప్టర్ నిలబడటం కూడా అదే.

ఈ యంత్రం పేరు ఎక్కడెక్కడ వాడుతున్నారో గమనిస్తే ఒక్కొక్కరు దాంట్లోంచి ఒక్కో గుణాన్ని పట్టుకున్నారని తెలుస్తుంది. క్రికెట్‌లో ధోనీ హెలికాప్టర్ షాట్ అన్నప్పుడు తీసుకున్నది తిరగడాన్ని. బంతిని కొట్టాక బ్యాటు తలపైన గిర్రున తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. 2019 ఎన్నికల్లో ప్రజాశాంతి పార్టీకి హెలికాప్టర్ గుర్తు ఇస్తే, ఆ రెక్కలు తమ ఫ్యాను గుర్తులా కనబడుతున్నాయని వైఎస్సార్ కాంగ్రెస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. అక్కడ గొడవంతా రెక్క ఆకారం గురించే. ఇక హెలికాప్టర్ మనీ అనేది ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1969లో చెప్పిన ఊహ. ఒక ఊరి మీద ఎగురుతూ హెలికాప్టర్ నోట్లు జారవిడిచిందనుకోండి, అప్పుడు ధరలు ఏమవుతాయి అని ఆయన ప్రశ్న. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ మాట వాడి కేంద్రాన్ని సాయం అడిగారు. ఆ రోజుల్లోనే పొరుగు రాష్ట్రంలో ఒక టీవీ చానల్ నిజంగానే హెలికాప్టర్లలోంచి డబ్బు చల్లుతారన్నట్టు చెప్పింది. అది నిజం కాదని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం ప్రకటించాల్సి వచ్చింది. మాటను యంత్రంగానే తీసుకుంటే అంత పొరపాటు జరుగుతుంది. డిక్షనరీలో ‘ఒక రకం విమానం’ అని చదివి మీరు తికమకపడటంలో ఆశ్చర్యమేమీ లేదు.

మీ అమ్మాయి అన్న మాట మొలకెత్తిందీ ఆ 1969లోనే. పిల్లల మనస్తత్వ నిపుణుడు హైమ్ గినాట్ టీనేజ్ పిల్లల గురించి అమెరికాలో ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక కుర్రవాడు, మా అమ్మ హెలికాప్టర్‌లా నా నెత్తి మీదే ఉంటుంది అని వాపోతాడు. తర్వాత 1990లో ఫోస్టర్ క్లైన్, జిమ్ ఫే అనే ఇద్దరు తమ పుస్తకంలో ‘హెలికాప్టర్ పేరెంట్’ అని దానికొక పేరే పెట్టారు. పిల్లలు పడకముందే పట్టుకోవడానికి, వాళ్ల పని వాళ్లు చేయకముందే చేసిపెట్టడానికి, పైన నిలబడి కనిపెట్టుకుని ఉండే తల్లిదండ్రులు అని అర్థం. వాళ్లు యంత్రంలోంచి తీసుకున్నది గాల్లో నిలబడటాన్ని. తిరగడాన్నీ కాదు, జారవిడవడాన్నీ కాదు.

ఒకటి గమనించండి. ఆ మాటలో ప్రేమ లేదన్న ఆరోపణ ఎక్కడా లేదు. ప్రేమ లేనివాళ్లు అంతసేపు గాల్లో నిలబడరు. పైగా మన తెలుగులో ఇదే పనికి మెచ్చుకోలు మాటలున్నాయి. కంటికి రెప్పలా చూసుకుంది అంటాం, కాలు కింద పెట్టనివ్వకుండా పెంచింది అంటాం. మీరు ఆ మాటల మధ్య పెరిగి, ఆ మాటల ప్రకారమే బిడ్డను పెంచారు. మీ అమ్మాయి ఇప్పుడు వేరే మాటలు వినబడే చోట ఉంది. మీరు ‘కంటిరెప్ప’ అనుకుంటున్నదాన్నే ఆ పిల్ల ‘హెలికాప్టర్’ అంటోంది. మీ ఇద్దరి మధ్య తగువు అక్కడే ఉంది.

ఆ పిల్లకు ఎలా అనిపిస్తుందో నాకు తెలిసిన ఒక దృశ్యం చెబుతాను. నేను పదో తరగతిలో ఉండగా మా హైస్కూల్ మైదానంలో ఒక మంత్రిగారి హెలికాప్టర్ దిగింది. ముందురోజు మగపిల్లలు సున్నంతో పెద్ద వలయం గీసి మధ్యలో ఇంగ్లిష్ అక్షరం హెచ్ రాశారు. దుమ్ము లేవకుండా ట్యాంకర్‌తో నీళ్లు కొట్టారు. గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు తెలియడానికి ఒక మూల పొగ పెట్టారు. ఇన్ని చేసినా, అది మా మీదికి వచ్చి దిగబోతూ గాల్లో నిలబడిన ఆ నిమిషం మాత్రం నరకమే. షామియానా గుంజలతో సహా లేచిపోయింది. నా వోణీ ముఖానికి చుట్టుకుపోయింది. కళ్లలో, నోట్లో ఇసుక. స్వాగతం చెప్పడానికి నేను రాసుకున్న కాగితం ఎటు పోయిందో తెలియదు. పక్కనున్న స్నేహితురాలు ఏదో అరుస్తుంటే ఒక్క ముక్క వినబడలేదు. లోపల కూర్చున్నవాళ్లు మాత్రం కిటికీలోంచి నవ్వుతూ చేతులు ఊపుతున్నారు. పైనుంచి వాళ్లకు మైదానమంతా చక్కగా కనబడుతూనే ఉండి ఉంటుంది. కింద ఉన్న మేమే కళ్లు తెరవలేకపోయాం.

మీరు లెక్చరర్‌కి ఫోన్ చేసిన రోజు మీ అమ్మాయి ఆ మైదానంలో నిలబడి ఉందమ్మా. క్లాసులో పేరు వినబడి ఉంటుంది, పక్కవాళ్లు తిరిగి చూసి ఉంటారు. మార్కులు తగ్గిన బాధ కంటే అది పెద్ద బాధ.

అందుకని ముందు ఆ ఒక్క పనికి క్షమాపణ చెప్పండి. అన్నింటికీ కలిపి గంపగుత్తగా చెప్పొద్దు. ‘నిన్ను అడక్కుండా సార్‌కి ఫోన్ చేయడం నా తప్పేనమ్మా, ఇక చేయను’ అనండి చాలు. వెంటనే ‘కానీ నీ మంచికోసమే కదా’ అని అతికించకండి. ఆ ‘కానీ’ దగ్గరే పిల్లలు ఫోన్ పెట్టేస్తారు. తల్లి పిల్లకు క్షమాపణ చెప్పడమేంటని ఇంట్లో ఎవరైనా అంటే అననివ్వండి.

ఆరింటి ఫోన్ ఈ సోమవారం నుంచి మానేయండి. మొదటి వారంలో ఒకటి రెండు క్లాసులు పోతాయి, పోనివ్వండి. అటెండెన్స్ తగ్గితే ఆ లెక్క తనే చూసుకుంటుంది. లొకేషన్ సంగతి తనతోనే మాట్లాడి తేల్చుకోండి. రాత్రిపూట ప్రయాణం చేసేటప్పుడు, ఊరికి వచ్చేటప్పుడు తనే ఆన్ చేసి పంపితే చాలనే ఒప్పందానికి రండి. తనకు చెప్పకుండా చూడటం మాత్రం వద్దు. రోజుకు పదిసార్లు చిన్న చిన్న ఫోన్లు చేసే బదులు రాత్రి భోజనాలయ్యాక ఒక్కసారి, తను చేస్తే మీరు మాట్లాడండి. ‘తిన్నావా’ అని తప్పకుండా అడగండి, మనవాళ్లకు అది పలకరింపు. కానీ తను చెప్పే మొదటి సంగతి పూర్తయ్యేదాకా సలహా ఇవ్వకండి. మొదట్లో మీకు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఆ టెన్షన్ నాకు తెలుసు, నేనూ ఇద్దరు ఆడపిల్లల్ని హాస్టళ్లకు పంపినదాన్నే.

కష్టం వచ్చినా ఊరుకోమని కాదు నేను చెప్పేది. జ్వరం తగ్గకపోయినా, ఎవరైనా వేధిస్తున్నా, పిల్ల గొంతులో తేడా వినబడినా మొదటి బస్సెక్కి వెళ్లండి. ఎవరినీ అడగక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకు అన్నం పొట్లాలూ నీళ్లూ అందించింది హెలికాప్టర్లూ డ్రోన్లే. ఆ మేడల మీది జనం ఆకాశంలోకి ఎలా చూశారో మీరూ టీవీలో చూసే ఉంటారు. నీళ్లు తీశాక అవి వెళ్లిపోయాయి. మీ అమ్మాయికి అలాంటి రోజు ఎప్పుడైనా వస్తే మొదటి ఫోన్ మీకే చేయాలి. ఈ నాలుగు రోజుల మౌనం పెరిగిందంటే ఆ ఫోన్ వేరే ఎవరికో వెళుతుంది. నాకున్న భయం అదొక్కటే.

మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన హెలికాప్టర్ పేరు మీకు తెలిసే ఉంటుంది, ధ్రువ్. 1992 ఆగస్టు 20న మొదటిసారి ఎగిరింది. ధ్రువం అంటే కదలకుండా నిలిచి ఉండేది. ఆ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది అయిదేళ్లప్పుడు ఒంటరిగా అడవికి బయలుదేరిన పిల్లవాడు. సవతితల్లి మాటలకు గుండె పగిలి ఏడుస్తూ వచ్చిన ఆ పసివాడిని తల్లి సునీతి పట్టుకుని ఆపలేదు. తానూ కన్నీళ్లు పెట్టుకుంటూనే, నీ దారి హరి దగ్గరుంది, వెళ్లమంది. భాగవతంలో ఆ కథ చివర ఒక చిన్న ఘట్టం ఉంది, మనవాళ్లు ఎక్కువగా చెప్పుకోరు. ధ్రువుడిని పైలోకానికి తీసుకెళ్లడానికి విమానం వస్తుంది. ఎక్కబోతూ అతనికి తల్లి గుర్తొస్తుంది, అమ్మను వదిలి ఎలా వెళ్లడం అని ఆగుతాడు. అప్పుడు విష్ణుదూతలు ముందుకు చూడమని చూపిస్తారు. అక్కడ ఇంకో విమానంలో, అతనికంటే ముందే, సునీతి వెళుతూ ఉంటుంది.